"గాలి కొట్టె" అన్న మాటకు అర్థం: కోలారు గనుల తెలుగు, మన పదాల పట్టిక

పోయిన నెల మనవాళ్ళు కొందరు తయారుచేసిన గనుల పదాల పట్టిక మీలో చాలామందికి ఫోనులో వచ్చే ఉంటుంది. గనులు, సొరంగాలు, సర్వే, ఈ మూడు పనుల ఇంగ్లీషు మాటలు ఒక పక్క, వాటికి తెలుగు మాటలు ఇంకో పక్క. నాకూ వచ్చింది. ఒకటికి మూడుసార్లు చదివినాను. చేసినవాళ్ళ మీద నాకు గౌరవమే ఉంది. జీతం లేదు, బహుమానం లేదు, ఆదివారాలు కూర్చుని చేసిన పని. సినిమా పేరు చెబితే తప్ప మన ఊరు ఎవరికీ తెలియని కాలంలో, కోలారు గనుల కోసం తెలుగులో ఒక పట్టిక కావాలని ఎవరికో తట్టింది, అదే గొప్ప. అయినా ఈ పట్టిక ఇట్లాగే పుస్తకమైతే మనకు జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే రాస్తాండాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఎందుకంటే పట్టిక చేసినవాళ్ళ తప్పూ, నాదీ ఒక్కటే జాతి.

మాది బంగారుపేట పక్క. తాతల కాలంలో పలమనేరు వైపు నుంచి గని పనికి వచ్చిన కుటుంబం. మా పెద్దనాయన ముప్పై ఏండ్లకు పైగా భూమి కింద పనిచేసినాడు. ఆయన ముసలితనంలో నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఆయన చెప్పేది రాసుకునేవాణ్ణి. ఒక రోజు ఆయన చెప్పింది ఇది: "ఆ పొద్దు రెండో షిఫ్టులో ఉండాము. గాలి కొట్టె. టోపీలు ఎగిరిపాయ. దుమ్ములో ఒగరికొగరం కనపడలే. ముగ్గురు పాయ." నేను దాన్ని శుభ్రమైన తెలుగులో పెట్టాలని ఇట్లా రాసినాను: "ఆ రోజు రెండో షిఫ్టులో ఉన్నాము. బలంగా గాలి వీచింది. టోపీలు ఎగిరిపోయాయి. దుమ్ము రేగి ఏమీ కనిపించలేదు. ముగ్గురు వెళ్ళిపోయారు."

చదివితే ఏదో గాలివానలాగా ఉంది. ముగ్గురు పని ముగించుకుని ఇంటికి పోయినట్టు ఉంది.

భూమి కింద అంత లోతులో గాలి ఎక్కడి నుంచి వీస్తుంది అని నాకు అప్పుడు తోచలేదు. పెద్దనాయన పోయిన చాలా ఏండ్లకు, 1904లో మైసూరు భూగర్భ శాఖ తరఫున స్మీత్ అనే ఆయన రాసిన బులెటిన్ సంగతి చదివినప్పుడు తెలిసింది. ఆ బులెటిన్ పేరులోనే ఉంది, "ఎయిర్ బ్లాస్ట్‌లు" అని. కోలారు గనుల్లో రాయి ఉన్నట్టుండి తనంతట తానే పగిలి చిమ్మడాన్ని ఆ కాలంలో అట్లా పిలిచేవాళ్ళు. ఇప్పుడు దాన్ని రాక్ బర్స్ట్ అంటారు. మనుషులు తవ్వి ఖాళీ చేసిన చోటు చుట్టూ ఉన్న బండ మీద పైనున్న కొండంత బరువూ పడుతుంది. ఆ ఒత్తిడిని బండ ఓర్చుకుని ఓర్చుకుని ఒక్క క్షణంలో పగులుతుంది. అక్కడి గాలి ఒక్కసారిగా పక్కకు తోసుకుని వస్తుంది. దూరంగా ఉన్న మనిషికి ముందు ఒంటికి తగిలేది ఆ గాలి దెబ్బే. అందుకే ఎయిర్ బ్లాస్ట్. అందుకే మా పెద్దనాయన నోట "గాలి కొట్టె". కొట్టింది అంటే కొట్టిందే. వీచింది కాదు. "పాయ" అంటే చనిపోయినారని. నేను శుభ్రం చేసిన ప్రతి మాటలో ఒక మనిషి చచ్చిపోయిన సంగతి తుడిచిపెట్టినాను.

ఇప్పుడు పట్టిక చూడండి. రాక్ బర్స్ట్‌కు వాళ్ళు ఇచ్చింది "శిలా విస్ఫోటనం". విస్ఫోటనం అనగానే మనకు మందుగుండు గుర్తుకొస్తుంది, అగ్నిపర్వతం గుర్తుకొస్తుంది. గనిలో మందు పెట్టి రాయి పేల్చడం రోజూ జరిగే పని. దానికి టైము ఉంటుంది, అందరూ పక్కకు పోతారు. రాక్ బర్స్ట్ ఎవరూ పేల్చేది కాదు, ఎవరికీ చెప్పి వచ్చేది కాదు. ఈ రెండింటికీ మధ్య తేడాయే కోలారు గనుల కథలో సగం. అక్కడ లోతు 3 కిలోమీటర్లు దాటింది. ఖాళీ చేసిన చోట్లలో గ్రానైటు రాళ్ళు చెక్కి గోడల్లాగా పేర్చి కప్పును ఆపే పద్ధతి పెట్టినారు. గని ఎక్కడ కదులుతుందో వినడానికి భూకంపాల యంత్రాలు పెట్టినారు. ఇదంతా ఈ ఒక్క గండం కోసం. పట్టికలో ఆ గండానికి పెట్టిన పేరు దీపావళి టపాసుకు కూడా సరిపోతుంది.

ఇంక "షాఫ్టు". పట్టికలో "కూపకం". ఇది పూర్తిగా తప్పని అనలేను, ఎందుకంటే కూపం అంటే బావి, సింగరేణిలో బొగ్గు గనిని మనవాళ్ళు "బాయి" అనే అంటారు. బాయి పనికి పోయినాడు, బాయి మూతపడింది, ఇట్లా. ఏటవాలుగా నడిచి దిగే గని అయినా అది బాయే. అంటే తెలుగు కూలి మనిషి నూరేండ్ల కిందటే ఆ పోలిక పట్టుకున్నాడు. పట్టిక చేసినవాళ్ళు అదే పోలికను సంస్కృతంలో మళ్ళీ కనిపెట్టి, బతికున్న మాటను మాత్రం పక్కన పెట్టినారు. మా కోలారు వైపు బాయి అని నేను వినలేదు, షాఫ్టే. సింగరేణి మాట ఒక గడిలో, కోలారు మాట ఒక గడిలో పెట్టుంటే చదివేవాడికి రెండు లోకాలు కనపడేవి. కూపకంలో ఏ లోకమూ లేదు.

"స్టోప్" దగ్గర నాకు నవ్వొచ్చింది. "సోపానం" అని ఇచ్చినారు. నిఘంటువు చూసినట్టున్నారు, ఆ ఇంగ్లీషు మాట మెట్టు అనే మాటకు చుట్టమని అందులో ఉంటుంది. నిజమే కావచ్చు. కానీ గనిలో స్టోపు అంటే బంగారు రాయిని కొట్టి తీసిన చోటు, తీస్తూ ఉన్న చోటు. నిలువుగా, ఏటవాలుగా సాగే పెద్ద ఖాళీ. ఇంటి కూడు అక్కడి నుంచే వచ్చేది, గాలి కొట్టేదీ ఎక్కువగా ఆ చుట్టుపక్కలే. "సోపానం మీద పనిచేసినాడు" అంటే దేవళంలో మెట్లు కడిగినాడేమో అనుకుంటారు. మా ఇండ్లలో "స్టోపులో ఉండాడు" అంటే చాలు, ఆ మనిషి ఏ పని చేస్తాడో, ఎంత అలసిపోయి వస్తాడో, ఆయన భార్య ఏ సైరను విని వాకిట్లోకి వస్తుందో అంతా అందులో ఉండేది.

ఇంతకంటే పెద్ద పొరపాటు "విన్జ్", "రైజ్" అనే రెండు మాటల దగ్గర. రెండింటికీ కలిపి "అంతర కూపం" అని ఒకే మాట ఇచ్చినారు. కాగితం మీద చూస్తే సబబుగానే ఉంది. గని లోపల ఒక లెవెల్ నుంచి ఇంకో లెవెల్‌కు పోయే నిలువు బొక్క. తవ్వడం అయిపోయినాక రెండూ ఒకటే మాదిరి. అయితే పై లెవెల్ నుంచి కిందికి తవ్వుకుంటూ పోతే విన్జ్, కింది లెవెల్ నుంచి పైకి తవ్వుకుంటూ పోతే రైజ్. పేరు బొక్కకు కాదు, పనికి. కిందికి తవ్వేటప్పుడు కొట్టిన రాయీ, ఊరే నీళ్ళూ కాళ్ళ కిందే నిలుస్తాయి, ప్రతి తట్టా పైకి లాగాలి. పైకి తవ్వేటప్పుడు రాయి దానంతట అదే కిందికి జారుతుంది, లాగే పని లేదు, కానీ కొట్టే మనిషి తన నెత్తి మీద ఉన్న బండనే కొడుతున్నాడు. రెండు పనులు, రెండు భయాలు. దానికి "దించే బొక్క", "ఎత్తే బొక్క" అన్నా సరిపోయేది. విన్జు, రైజు అని వదిలేసినా సరిపోయేది. రెండింటినీ ఒకే మాటలో కలిపేస్తే మాత్రం సరిపోదు. పని తెలిసినవాడు ఒక్కడు పక్కన కూర్చుని ఉంటే ఈ గడి ఇట్లా వచ్చేది కాదు.

"లెవెల్"కు "సమతలం" అని ఉంది. గనిలో లెవెల్ ఎప్పుడూ సమతలంగా ఉండదు! నీళ్ళు షాఫ్టు వైపు పారాలి, రాయి నిండిన బండ్లు షాఫ్టు వైపు సులువుగా దొర్లాలి, అందుకని కొద్దిగా వాలు పెట్టే తవ్వుతారు. నిజంగా సమతలంగా తవ్వితే ఆ సర్వేయరు పని మరుసటి రోజే పోతుంది.

"హ్యాంగింగ్ వాల్"ను "వేలాడే గోడ" అన్నారు. ఇంగ్లీషు మాటను కత్తెరతో కత్తిరించి అతికించినట్టుంది. బంగారు రాయి ఉన్న పొర ఏటవాలుగా దిగుతుంది. దానికి పైన ఆనుకుని ఉన్న బండ ఒకటి, కింద ఆనుకుని ఉన్న బండ ఒకటి. మా పెద్దనాయన "పైబండ", "కిందబండ" అనేవాడు. పైబండ శబ్దం మారితే బయటికి వచ్చేయాలని కూడా చెప్పేవాడు. కడ్డీతో తట్టి చూస్తే గట్టి బండ గంటలాగా మోగుతుందంట, వదులైన బండ డొల్లగా పలుకుతుందంట. ఈ రెండు మాటలు నా నోటుపుస్తకంలో ఎట్లాగో నా శుభ్రత నుంచి తప్పించుకుని మిగిలినాయి.

అన్నిటికంటే మనసు నొచ్చుకున్నది ఒక గడి దగ్గర. రాబర్ట్‌సన్‌పేట పోయినవాళ్ళు అందరూ చూసుంటారు, ఊరి పక్కన బూడిద రంగు గుట్టలు. రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం లాగేసినాక మిగిలిన పిండి. వందేండ్ల పని అక్కడ పోగుపడింది. ఎండాకాలంలో గాలి తిరిగితే ఆ దుమ్ము ఇండ్లలోకి, సంగటి ముద్దలోకి వస్తుంది. వాటిని సైనైడు దిబ్బలు, సైనైడు గుట్టలు అంటారు. ఆ పేరులోనే జాగ్రత్త ఉంది, పిల్లకాయలను అటు పోనీయకపోవడానికి వేరే బోర్డు అక్కర్లేదు. పట్టికలో దీనికి ఇచ్చిన మాట "అవశేష నిక్షేపం". అయ్యా, తెలుగులో నిక్షేపం అంటే పాతిపెట్టిన ధనం. నిక్షేపంగా ఉండాడు అంటే ఏ నలతా లేకుండా హాయిగా ఉన్నాడని. ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ముకు ఈ పేరా?

సర్వే భాగం కొంచెం మేలు. గొలుసు, లింకు, సర్వే రాయి, మట్టం, ఇట్లా వాడుకలో ఉన్నవి ఉంచినారు. కానీ సర్వేయరుకు "క్షేత్రమాపకుడు" ఎందుకో? పల్లెలో ఎవరూ ఆయన్ను అట్లా పిలవరు. కర్ణాటకలో ఉన్న మనకు మోజిణి అనే మాట కూడా ఉంది, మరాఠీ నుంచి కన్నడంలోకి, అక్కడి నుంచి మన నోటికి వచ్చింది. పొలం తగాదా వస్తే "మోజిణికి పెట్టుకున్నాము" అంటాము. ఈ మాట పట్టికలో లేదు. కొలతల దగ్గర ఎకరానికి 100 సెంట్లు అని మాత్రమే రాసినారు. అది చిత్తూరు జిల్లా వైపు లెక్క, తమిళనాడు లెక్క. మన వైపు ఎకరానికి 40 గుంటలు. 66 అడుగుల గొలుసు తీసుకోండి. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం అటు 10 సెంట్లు, ఇటు 4 గుంటలు. పలమనేరు దగ్గర మా మేనత్త వాళ్ళు సెంట్లలో మాట్లాడతారు, మేము గుంటల్లో. పెండ్లి మాటలప్పుడు భూమి సంగతి వస్తే రెండు పక్కలా ఒక లెక్కల మాస్టరు కావాల్సి వచ్చేది. ఇట్లాంటి తేడాలే కదా మన తెలుగు చరిత్ర. వాటిని ఒకే గడిలోకి తొక్కేస్తే ఎట్లా?

గని సర్వేలో ఒక అందమైన పని ఉంది, పట్టికలో దానికి చోటే లేదు. పైన ఉన్న దిక్కును భూమి కిందికి తీసుకుపోవడం ఎట్లా? షాఫ్టులో రెండు సన్నని తీగలు వదిలి, కొసల్లో బరువైన గుండ్లు కడతారు. ఊగకుండా గుండ్లను నూనెలోనో నీళ్ళలోనో ముంచుతారు. పైన ఆ రెండు తీగలను కలిపే గీత ఏ దిక్కు చూస్తుందో, కింద కూడా అదే దిక్కు. ఆ గీతను పట్టుకుని లోపల సొరంగాలన్నీ కొలుస్తారు. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చే కూలీలు ఒకరి సమ్మెట చప్పుడు ఒకరు విని కలుసుకోవడం ఈ రెండు తీగల పుణ్యమే. మేస్త్రీ గోడ కట్టేటప్పుడు దారానికి గుండు కట్టి వదిలేదీ ఇదే సూత్రం. మన మేస్త్రీల దగ్గర అడిగితే ఈ పనికి మాటలు దొరక్కపోవు.

సర్వే అంటే గుర్తొచ్చింది. కోలారు బంగారం ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లోకి ఎక్కింది కూడా ఒక సర్వేయరు చేతనే. 1802లో మైసూరు తూర్పు సరిహద్దు కొలుస్తూ వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఉరిగాం, మారికుప్పం దగ్గర జనం మట్టి కడిగి బంగారం తీయడం చూసి రాసిపెట్టినాడు. మట్టిలోనుంచో, కంసాలి కొట్టు ముందు బూడిదలోనుంచో నీళ్ళతో కడిగి బంగారు రజను తీయడానికి తెలుగులో "జలగడుగు" అనే పాత మాట ఉంది. పట్టికలో దాని ఎదురుగా ఏముందో చూడండి: "పళ్ళెపు ప్రక్షాళనం". కంపెనీలు రాకముందు నుంచీ ఉన్న పనికి, నిన్న మొన్న కట్టిన పేరు.

దీనికి మీలో కొందరు ఏమంటారో నాకు తెలుసు. షాఫ్టు, స్టోపు, రైజు, ఇవన్నీ ఇంగ్లీషే కదా, వీటిని పెట్టుకుంటే తెలుగు పట్టిక ఎందుకు అని. రెండు సంగతులు చెప్తాను. సొరంగం అన్నది అచ్చ తెలుగు అనుకుంటున్నామా? సంస్కృతం సురుంగా నుంచి వచ్చింది. ఆ సంస్కృత మాట గ్రీకులో గొట్టానికి, పిల్లనగ్రోవికి ఉన్న "సిరింక్స్" నుంచి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. అది కౌటిల్యుడికి మైల కాలేదు, మనకు స్టోపు మైల అవుతుందా? రెండోది, ఆ ఇంగ్లీషు మాటలు కూడా పండితులు కట్టినవి కావు. వాటిలో చాలా మాటలు కార్న్‌వాల్‌లో తగరం, రాగి తవ్విన కూలీల నోట్లో నలిగినవి. కోలారుకు వాళ్ళే కెప్టెన్లుగా, ఫోర్‌మెన్లుగా వచ్చి ఆ మాటలు తెచ్చినారు. బకెట్టుకు వాళ్ళు వాడిన "కిబుల్" జర్మన్ కూలీల దగ్గర నుంచి వచ్చింది. వాళ్ళ కూలీల మాట శాస్త్రంలోకి పోయింది. మన కూలీల మాటను మనమే యాస అని దిద్దుతాండాము.

ఇంకొకటి. కోలారులో ఒకే కేజీలో దిగేవాళ్ళలో అరవం మాట్లాడేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ పక్కన తెలుగు, కన్నడం, ఉర్దూ. కింద ఒకరు అరిస్తే నలుగురికీ ఒకేసారి అర్థం కావాలి. షాఫ్టు, లెవెలు, స్టోపు ఆ పని చేసినాయి. మా వాళ్ళు వాటికి తెలుగు విభక్తులు తగిలించి, "స్టోపుల్లోంచి", "రైజు కాడ", "షాఫ్టుకు అడ్డంగా" అని ఇంట్లో కూడా మాట్లాడినారు. ఇది తెలుగు కాకపోతే రైలు కూడా తెలుగు కాదు.

మరి పట్టిక ఎట్లా చేయాలి? దారి మనకు ముందే వేసి ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశంలో మొదటి సంపుటం, వ్యవసాయానిది, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చింది. ఆ పనికి దిగినవాళ్ళు ఇంగ్లీషు పుస్తకం తెరిచి కూర్చోలేదు. ఊరూరూ పోయి, రైతును అడిగి, ఏ జిల్లాలో ఏమంటారో రాసుకున్నారు. ఒకే పనిముట్టుకు నాలుగు పేర్లుంటే నాలుగూ పెట్టినారు. నాకు దాని మీద ఒకటే ఫిర్యాదు, అది రాష్ట్రం గీత దగ్గర ఆగిపోయింది. పలమనేరు లోపల, బంగారుపేట బయట. గీతకు ఇవతల ఉన్న మన తెలుగును మనం తప్ప ఎవరూ అడగరు. అందుకే మన పట్టిక ఇంగ్లీషు మాట దగ్గర కాకుండా మనిషి దగ్గర మొదలు కావాలి. ఈ మాట ఎవరు చెప్పినారు, కింద ఏ పని చేసేవారు, ఏ గనిలో, వాళ్ళది ఏ ఊరు. ఆ తర్వాత ఇంగ్లీషు మాట రాసుకున్నా పరవాలేదు, రాయకపోయినా పరవాలేదు.

ఆలస్యం మాత్రం పనికిరాదు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినాయి. ఆ రోజు ఇరవై అయిదేండ్లున్న పిల్లవాడికి ఇప్పుడు యాభై. కార్బైడు దీపం పట్టుకుని దిగినవాళ్ళు ఎంతమంది మిగిలి ఉన్నారో మీ వీధిలో మీరే లెక్కపెట్టుకోండి.

నా నోటుపుస్తకంలో ఆ పేజీ మొన్న తీసినాను. నేను రాసిన నాలుగు వాక్యాలు కొట్టేసినాను. జ్ఞాపకం ఉన్నంత వరకు ఆయన మాటలే పక్కన రాసినాను: "గాలి కొట్టె. టోపీలు ఎగిరిపాయ." మిగతా పేజీల్లో నేను ఇంకా ఏమేమి దిద్దేసినానో ఇప్పుడు ఆయన్ను అడగలేను. ఉరిగాం వైపు, నందిదుర్గం వైపు పనిచేసిన పెద్దలు మీ ఇండ్లలో ఉంటే ఒక మాట అడిగి చెప్పండి. అక్కడ కూడా "గాలి కొట్టె" అనేవాళ్ళా, లేక వాళ్ళకు వేరే మాట ఉండేదా?